వెలుగుకు అడ్డం పెట్టిన చెయ్యి

యానాం పిన్నిగారు పోయారు. సోమవారం మధ్యాహ్నం భోంచేసి, కంచం కడిగి బోర్లించి, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారట. మళ్ళీ లేవలేదు. నేను పనిచేసే ల్యాబ్‌కి వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, "అమ్మ వెళ్ళిపోయిందండీ. ముందు మీకే చెప్పాలనిపించింది" అన్నాడు. చేతిలోని సీసా బల్ల మీద పెట్టి, "ఆవిడ తిన్నారా?" అని అడిగాను. చావు కబురు విన్న మనిషి అడగాల్సిన ప్రశ్న కాదది. ఆయన మాత్రం వింతపడలేదు. "తింది. పెరుగన్నం దాకా తింది" అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది.

మన సంఘం పత్రికకు ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమన్నారు. ఇక్కడ న్యూజెర్సీలో, పిస్కాటవేలోనూ చుట్టుపక్కలా ఆవిడ చేతి పులిహోర తినని తెలుగువాళ్ళూ, ఆవిడ చేత చీవాట్లు తినని తెలుగువాళ్ళూ అరుదు. మీలో చాలామంది ఆ రెండిటి గురించీ రాస్తారు. నేను రాయాల్సింది వేరే ఉంది. ఆవిడ వల్ల నేను బతికి ఉన్నాను. మాట వరసకు అంటున్నది కాదిది. నన్ను చంపబోయిన మనిషి ఒకడున్నాడు. అడ్డం పడిన మనిషి పిన్నిగారు.

ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. మా అపార్ట్‌మెంట్లలోనే, మా మెట్ల కింద గుమ్మం వాళ్ళది. యానాంలో ఫ్రెంచివాళ్ళు ఉన్న రోజుల్లో బడిలో ఫ్రెంచి చదువుకుని, అదే భాషకు టీచరయ్యారు. భర్త పోయాక, ఇక్కడ కాలేజీలో పాఠాలు చెప్పే కొడుకు దగ్గరికొచ్చారు. నేత చీర మీద కొడుకు ఓవర్‌కోటు, కాళ్ళకు మంచు బూట్లు, చంకలో ఒక స్టీలు డబ్బా. అదీ వేషం. ఎదురైన ప్రతివాళ్ళనీ "తిన్నావా?" అని అడిగేవారు. బాగున్నావా అని అడగరు. "బాగున్నావా అంటే అందరూ బాగున్నామనే అంటారమ్మాయ్. తిన్నావా అంటే అబద్ధం మొహంలో కనపడిపోద్ది" అనేవారు. కోపమొస్తే ఫ్రెంచిలో తిట్టేవారు. ఎందుకని అడిగితే, "తెలుగులో తిడితే పాపం తగులుద్ది. ఫ్రెంచిలో తిడితే వ్యాకరణం మర్చిపోకుండా ఉంటాను" అన్నారు.

నేను డెబ్బైల చివర పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చాను. ఆ పెళ్ళికొడుకు ఇంజనీరు. పేరు రాయను. పార్టీల్లో నేను కూర్చోబోతే కుర్చీ వెనక్కి లాగి పట్టుకునేవాడు. ఆడవాళ్ళు చూసి మురిసిపోయి, వాళ్ళ మొగుళ్ళను మోచేత్తో పొడిచేవారు. ఇంట్లో కూర చల్లారిందని గిన్నె విసిరితే నా కనుబొమ మీద చర్మం చిట్లింది. ఫోన్ ఎత్తడం ఆలస్యమైందని జుట్టు పట్టుకుని బాత్‌రూమ్ అద్దానికి నా మొహం వేసి కొట్టాడు. అద్దం పగిలింది, దానికి కూడా నన్నే తిట్టాడు. ఒకరోజు బట్టలుతికే గదిలో పక్కింటి అమెరికన్ ముసలాయన "హావ్ ఎ నైస్ డే" అంటే "యూ టూ" అన్నాను. ఆ రెండు ముక్కలకు నన్ను గోడకు ఆనించి, కళ్ళు చీకట్లు కమ్మేదాకా రెండు చేతులతో గొంతు పిసికాడు. వదిలేశాక నా కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. "నువ్వంటే ప్రాణం నాకు. ప్రేమ ఎక్కువైపోయి ఇలా చేస్తాను" అన్నాడు. వెళ్ళి ఐస్‌క్రీమ్ తెచ్చి స్పూన్‌తో తినిపించాడు. మింగుతుంటే గొంతులో గాజుపెంకులు దిగినట్టనిపించింది.

ఆ మర్నాడు పిన్నిగారు మెట్ల మీద ఆపారు.

"మెడకి ఏమైందమ్మాయ్?"

"చైన్ ఒరుసుకుంది పిన్నిగారూ."

"అంత లావు చైనా? పడవ కట్టే మోకంత ఉన్నట్టుందే."

నేను తల దించుకున్నాను. ఆవిడ డబ్బా నా చేతిలో పెట్టి, "మా తలుపుకి గడియ పెట్టను. కొట్టొద్దు, తోసుకునొచ్చెయ్" అని వెళ్ళిపోయారు. వెళ్ళలేదు నేను. ఎక్కడికైనా వెళ్ళాలంటే ముందు జరుగుతున్నదానికి ఒక పేరుండాలి. అతను దానికి ప్రేమ అని పేరు పెట్టాడు. నా దగ్గర వేరే పేరు లేదు.

ఇక ఆ సినిమా సంగతి. ఆ రోజుల్లో మనకు తెలుగు సినిమా చూడటమంటే ఒక యజ్ఞం. ఒకే ఒక్క ప్రింటు ఊరూరా తిరిగేది. ఎవరో కారు డిక్కీలో వేసుకొస్తే, మనవాళ్ళు కాలేజీలో హాలు బుక్ చేసి, ఆదివారం మధ్యాహ్నం వేసేవారు. ఆ ఆదివారానికి పులిహోర కలిపేశారు, హాలు తీసేశారు, తీరా చూస్తే రీళ్ళ పెట్టె పొరపాటున ఎక్కడో ఇల్లినాయ్‌లోని అరోరా వెళ్ళిపోయింది. సంఘం సెక్రటరీగారు చేతులు ముడుచుకు కూర్చునే మనిషి కాదు. కాలేజీ ఫిల్మ్ లైబ్రరీకి పరుగెత్తి, చేతికందిన డబ్బాలు తెచ్చేశారు. పాత ఫ్రెంచి సినిమా. పెద్ద పెద్ద తారలు. డబ్బా మీద మూడు ప్రేమకథలని రాసుందట. అంతే చదివారు ఆయన. ఇంటింటికీ ఫోన్ చేసి, "క్లాసిక్ అండీ, మూడు లవ్ స్టోరీలు, పిల్లల్ని తీసుకురండి" అన్నారు. ఇంగ్లీషు అక్షరాలు కింద పడవని హాల్లోకొచ్చాక తెలిసింది. అప్పుడు అందరికీ యానాం గుర్తొచ్చింది.

"పిన్నిగారూ, మీకు ఫ్రెంచ్ వచ్చుగా. కొంచెం మైక్‌లో చెప్పేద్దురూ" అన్నారు సెక్రటరీగారు.

"మా నాన్న చిన్నప్పుడు మూగ సినిమాలకి తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడట. ఆయన వాటా నాకొచ్చిందన్నమాట" అని నవ్వుతూనే ఒప్పుకున్నారు. స్పీకరు ప్రొజెక్టర్‌లోనే ఉండేది కాబట్టి, సినిమాలో మాట వినపడాలని దాని పక్కనే కుర్చీ వేయించుకున్నారు.

మొదటి కథలో ఒక సైనికాధికారి, బట్టలు కుట్టే ఒక పడుచు. కాసేపు నదీ, నాట్యాలూ. ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. ఆ తర్వాత ఆ పిల్ల ఇంకొకడితో రెండు మాటలు మాట్లాడింది. అధికారి ఆమెను నది ఒడ్డున నిలబెట్టి ముఖం మీద కాల్చాడు. ఆమె ఒడ్డు మీంచి జారుతుంటే జుట్టు నీళ్ళల్లో విచ్చుకోవడం చాలాసేపు చూపించారు. వెనక వాయులీనం. పిల్లలు ఏడుపందుకున్నారు. పిల్లల్ని పక్కగదికి తరిమే గొడవలో పిన్నిగారి గొంతు మైక్‌లో మామూలుగా వినపడింది. "పోయిన పిల్ల పేరు లూసీ. వీడేదో మాట్లాడుతున్నాడు. వీడి పేరు మనకక్కర్లేదు."

రెండో కథలో హోటలు నడిపే ఒక ఆడమనిషి. తనను వదిలి పోబోతున్నవాడిని వంటింటి కత్తితో పొడిచింది, ఒకసారి కాదు, చెయ్యి అలిసేదాకా. నెత్తురు గచ్చు మీద పారి పిండిబస్తా తడిసింది. మా వరసలో ఆడవాళ్ళు "పాపం" అన్నారు, చంపినామెను చూసి. పిన్నిగారు ఊరుకోలేదు. "పోయినవాడి పేరు మార్సెల్. దాని మీద జాలిపడండి, తప్పులేదు. పేరు మాత్రం వాడిది గుర్తుపెట్టుకోండి" అన్నారు. ఆమెకు తల తీసే శిక్ష వేశారు.

మూడో కథలో ఒక నోటరీ. పెళ్ళాం గొంతు పిసికి చంపాడు. మంచం కోడుకు ఆమె చెయ్యి కొట్టుకుని కొట్టుకుని ఆగిపోవడం దగ్గరగా చూపించారు. నా చేతులు చీర కింద దాచుకున్నాను. పక్క సీటులో అతను కదలకుండా చూస్తున్నాడు. "ఈవిడ పేరు హెలెన్" అన్నారు పిన్నిగారు. తర్వాత కోర్టు. నల్లకోటు వకీలు జ్యూరీ ముందు చేతులు చాచి మాట్లాడుతున్నాడు. మాటిమాటికీ ఒకే మాట. ప్రపంచంలో అందరికీ తెలిసిన ఫ్రెంచి మాట. పిన్నిగారు తెలుగులో అన్నీ చెబుతున్నారు, ఆ ఒక్కటి తప్ప. "వీడికి బుర్ర తిరిగిందంటన్నాడు. వీడు మంచి కుటుంబీకుడంటన్నాడు."

నా పక్కనుంచి అతను గట్టిగా అన్నాడు. "పిన్నిగారూ, లవ్ అంటున్నాడుగా. ప్రేమ వల్ల చేశాడంటున్నాడు. ఆ ముక్క మాకూ తెలుసు. ఎందుకు స్కిప్ చేస్తున్నారు?"

కొందరు నవ్వారు. తెర మీద నోటరీ లేచి కన్నీళ్ళతో తన మాట చెప్పడం మొదలుపెట్టాడు. తెర నిండా వాడి మొహమే. పిన్నిగారు కుర్చీలోంచి లేచి, ప్రొజెక్టర్ వెలుగుకు తన కుడిచెయ్యి అడ్డం పెట్టారు. వాడి మొహం పోయింది. గోడంత అరచెయ్యి నీడ పడింది తెర మీద. చేతి గాజు కూడా కనపడుతోంది.

"ఆపండి" అన్నారు. సెక్రటరీగారు ఆపారు. లైట్లు వెలిగించలేదు ఎవరూ.

"మా అక్కయ్య పేరు రత్నం" అన్నారు మైక్‌లో. ఆవిడకు అక్క ఉండేదని అప్పటిదాకా నాకు తెలియదు. "రేవు దాటే పడవలో ఎవడితోనో నవ్విందని మా బావ దాన్ని చేపలు కోసే కత్తితో నరికాడు. వాకిట్లో. నేను బళ్ళోంచి వచ్చేసరికి మా అమ్మ దాని మెడ రెండు చేతులతో అదిమి పట్టుకునుంది, అతుక్కుంటాదేమోనని. పాండిచ్చేరిలో విచారణ. మా నాన్నకి ఫ్రెంచి రాదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏమంటన్నాడే, ఏమంటన్నాడే అని అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. వకీలు ఇదిగో, ఈ మాటే అన్నాడు. మితిమీరిన ప్రేమ వల్ల చంపాడన్నాడు. నేను తెలుగులో చెప్పాను. మా నాన్న నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ మాట మన భాషలోకి తేకు తల్లీ అన్నాడు. బావ కొన్నాళ్ళకే బయటికొచ్చాడు, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ప్రేమ ఉండి చంపలేదు నాయనా వాడు. చంపేశాక ప్రేమని పేరు పెట్టాడు. అందుకని ఆ మాట తేను. ఇంకెవరినన్నా పెట్టుకోండి."

మైక్ బల్ల మీద పెట్టి, ఖాళీ పులిహోర గిన్నె తీసుకుని కడగడానికి వెళ్ళిపోయారు. నాకు, నెలల తరబడి వెతుకుతున్న వస్తువు ఎవరో తెచ్చి ఒళ్ళో పెట్టినట్టయింది. జరుగుతున్నదానికి పేరు దొరికింది. చంపడం.

అతనికి నా మొహంలో అది కనపడినట్టుంది. చెయ్యి పట్టుకుని పార్కింగ్ లాట్‌లోకి ఈడ్చుకెళ్ళాడు. సాయంత్రం ఎండ మంచు మీద పడి కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది. "ఆ ముసల్దానికి ఏం చెప్పావు?" అన్నాడు. ఏమీ చెప్పలేదన్నాను. నా తల కారు పైకప్పు అంచుకు వేసి కొట్టాడు. రెండోసారి కొట్టేసరికి వెచ్చగా ఏదో చెవిలోకి కారింది. కారు మీదికి వెనక్కి వంచి, బొటనవేళ్ళు గొంతు గుంటలో దించాడు. ఇదివరకు ఎప్పుడూ ఏడుపు మొహంతో చేసేవాడు. ఈసారి మొహం ప్రశాంతంగా ఉంది. అది చూసి తెలిసింది నాకు, ఇక వదలడని.

అప్పుడు ఎవరో నా పేరు పెట్టి అరిచారు.

పిన్నిగారు. అంతవరకూ నన్ను "అమ్మాయ్" అనడం తప్ప ఆవిడ పేరు పెట్టి పిలిచి ఎరగరు. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ పేరు పెట్టి చెప్పినవాళ్ళంతా చచ్చినవాళ్ళే. లూసీ, మార్సెల్, హెలెన్, రత్నం. తర్వాతి పేరు నాది. ఇంత స్పష్టంగా నా జీవితంలో ఇంకేదీ అర్థం కాలేదు. ఒంట్లో మిగిలిన బలమంతా పోగేసి అతని మోకాలి మీద తన్నాను. చేతులు సడలాయి. అదే క్షణంలో పిన్నిగారు పులిహోర గిన్నె అంచుతో అతని చెవి మీద కొట్టారు. అతను తిరిగి ఆవిడ చెయ్యి పట్టుకుని మెలిపెట్టాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. మంచుగడ్డ మీదికి తోసేస్తే పడిపోయి కూడా ఆవిడ నా పేరే అరుస్తున్నారు. హాల్లోంచి జనం పరుగెత్తుకొచ్చారు. నలుగురు మగవాళ్ళు పట్టుకుంటే గాని అతను ఆగలేదు.

ఆ తర్వాత జరిగింది కూడా రాయాలి, మనవాళ్ళకు బాగుండకపోయినా సరే. పోలీసులెందుకు, మనలో మనం మాట్లాడుకుందామన్నారు పెద్దలు. గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఉంది, కుర్రాడి కెరీర్ పాడైపోతుందన్నారు. నా తలలోంచి రక్తం కారుతుంటే ఈ మాటలు. సెక్రటరీగారి భార్య వంగి, "ఇంటిగుట్టు లంకకు చేటు కదా పిన్నిగారూ" అంది.

పిన్నిగారు విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మంచు మీదే కూర్చున్నారు. "లంక కాలింది గుట్టు బయటపడి కాదమ్మా. ఆడదాన్ని ఎత్తుకొచ్చి కాపలా పెట్టినందుకు. నేనిక్కణ్ణుంచి లేవను. పోలీసు వచ్చి లేపాలి" అన్నారు. వచ్చిన పోలీసుతో ఇంగ్లీషులో మూడే ముక్కలు చెప్పారు. "హి వాజ్ కిల్లింగ్. ఐ సా. రైట్ ఇట్ డౌన్."

కౌంటీ కోర్టులో అతని లాయరు లేచి, ఈయన భార్యను అమితంగా ప్రేమించే మనిషి, కొత్త దేశంలో ఒత్తిడికి లోనయ్యాడు అన్నాడు. సాక్షి కుర్చీలో పట్టీ కట్టిన చెయ్యితో కూర్చున్న పిన్నిగారు జడ్జి వైపు తిరిగి, "సర్, ఈ లాయరు మాట నేను ఇదివరకు విన్నాను. అప్పుడు ఫ్రెంచిలో చెప్పాడు" అన్నారు ఇంగ్లీషులో. జడ్జికి ఏమర్థమైందో నాకు తెలియదు. పెన్ను కింద పెట్టి, అక్కణ్ణుంచి ఆవిడ చెప్పిందంతా విన్నాడు. అతను జైలుకెళ్ళాడు. తర్వాత వేరే రాష్ట్రానికి పోయాడని విన్నాను. ఎక్కడున్నా సరే, పేరు మనకక్కర్లేదు.

నేను వాళ్ళ ముందుగదిలో చాలాకాలం ఉన్నాను. చదువుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. వీపు వెనక తలుపు చప్పుడైతే ఉలిక్కిపడటం ఇంకా పోలేదు. పిన్నిగారి మణికట్టు సరిగ్గా అతుక్కోలేదు, వంకరగా పైకి లేచి ఉండిపోయింది. ఆ చెయ్యితో అన్నం వడ్డిస్తే గరిటె ఎప్పుడూ పక్కకు ఒరిగేది, మెతుకులు బల్ల మీద పడేవి. "నీ వల్లే ఇంత అన్నం దండగ" అని నన్ను ఏడిపించేవారు. నేను ఆవిడకు కృతజ్ఞత చెప్పబోయినప్పుడల్లా ఫ్రెంచిలో ఏదో తిట్టి లేచిపోయేవారు. ఇప్పుడు తిట్టడానికి లేరు కాబట్టి రాస్తున్నాను. పిన్నిగారూ, మీరు నాకు రెండోసారి ప్రాణం పోశారు.

బుధవారం ఫ్యూనరల్ హోమ్‌కి వెళ్ళాను. వాళ్ళ మనవరాలు, ఇక్కడే పుట్టిన పిల్ల, నా పక్కనొచ్చి నిలబడింది. "ఆంటీ, మామ్మ నాకు ఐ లవ్ యూ ఎప్పుడూ చెప్పలేదు. నేను చెప్తే, తిన్నావా అనేది. ఈజ్ దట్ వియర్డ్?" అని అడిగింది. లేదమ్మా అన్నాను.

ఆవిడకు నేత చీరే కట్టారు. ఎడమచెయ్యి గుండెల మీద చక్కగా ఆనింది. కుడిచెయ్యిని కూడా దాని మీద సర్దడానికి అక్కడి అమెరికన్ కుర్రాడు ఒకటికి రెండుసార్లు ప్రయత్నించాడు. ఆ మణికట్టు వాలనివ్వలేదు. చివరికి అతను సారీ చెప్పి అలాగే వదిలేశాడు. పైనున్న దీపం వెలుగులో ఆ అరచెయ్యి కాస్త పైకి లేచే ఉంది, వేళ్ళు విచ్చుకుని, దాని నీడ పక్క గోడ మీద పడుతూ.